డాక్టరు రాసే కూరగాయల చీటీ: బజారులో చెల్లుబాటు ఎంత?

(మా వాణిజ్య ప్రతినిధి)

సాయంత్రం లారీకి సరుకు ఎక్కించే వేళ పెట్టె అడుగు ఊడిపోవడం మన యార్డుల్లో కొత్త సంగతి కాదు. రాలిన కాయను తరుగు కింద రాసుకుని తరువాతి పెట్టె అందుకుంటాము. 1980 వేసవిలో అమెరికాలోని బోస్టన్ నగరంలో, డోర్చెస్టర్ పేటలో, రైతుల సంత ముగిసి మిగిలిన సరుకు ఎత్తుతుండగా ఒక బేరిపండ్ల పెట్టె ఇలాగే అడుగు ఊడింది. పండ్లు దొర్లి రోడ్డు పక్క కాలువలో పడ్డాయి. పిల్లలను వెంటబెట్టుకుని అటుగా వచ్చిన ఒక తల్లి వంగి ఆ పండ్లు ఏరుకోసాగింది. ఆరా తీస్తే, ప్రభుత్వం ఇచ్చే ఆహార స్టాంపులతో ఇల్లు గడుస్తోంది గాని తాజా పండు కొనే స్తోమతు తనకు లేదన్నది.

పెట్టె మోస్తున్న ఆయన పేరు గస్ షూమాకర్. రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. తరువాత మసాచుసెట్స్ రాష్ట్ర వ్యవసాయ కమిషనరు అయ్యారు. 1997 నుంచి 2001 వరకు అమెరికా వ్యవసాయ శాఖలో అండర్ సెక్రటరీగా పనిచేశారు. ఈ ఉదంతాన్ని ఆయన జీవితాంతం చెబుతూనే వచ్చారు. దయాదాక్షిణ్యాల మాట అటుంచి, వర్తకం తెలిసినవాడికి ఆ దృశ్యంలో కనిపించేది వేరు. అమ్ముడుపోని సరుకు చేతిలో ఉన్నది, కొనవలసిన మనిషి ఎదురుగా ఉన్నది, నడుమ సొమ్ము మాత్రం లేదు.

ఆ సొమ్ము ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఒకటి ఇప్పుడు అమెరికాలో డాక్టర్లు రాస్తున్న కూరగాయల చీటీ. పండ్లు, కూరగాయల వ్యాపారంలో ఉన్నవారు దీని పుట్టుపూర్వోత్తరాలు, లెక్కాడొక్కా తెలుసుకోవడం మంచిది.

కూపను నుంచి చీటీకి

మసాచుసెట్స్‌లో 1986లో ఒక చిన్న ప్రయోగం మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు ఉద్దేశించిన పోషకాహార పథకం లబ్ధిదారులకు కొన్ని కూపన్లు ఇచ్చారు. అవి రైతుల సంతలోనే చెల్లుతాయి, పండ్లకు, కూరగాయలకే చెల్లుతాయి. 1992 నాటికి ఇది దేశవ్యాప్త పథకమైంది. షూమాకర్ 2007లో మరికొందరితో కలిసి హోల్‌సమ్ వేవ్ అనే సంస్థను నెలకొల్పారు. 2010లో ఆ సంస్థ కూపనును డాక్టరు చేతిలో పెట్టింది. సంతలో పంచే కూపను పోయి, వైద్యుడు పేరు రాసి ఇచ్చే చీటీ వచ్చింది. షూమాకర్ 2017లో కన్నుమూశారు. మరుసటి ఏడు అమెరికా పార్లమెంటు చేసిన వ్యవసాయ చట్టంలో ఈ తరహా పథకాలకు ఆయన పేరే పెట్టారు.

పద్ధతి ఇది. ఆసుపత్రికి వచ్చిన రోగికి మధుమేహమో, రక్తపోటో ఉంటుంది. నర్సు రెండు ప్రశ్నలు అడుగుతుంది: గడిచిన ఏడాదిలో డబ్బు రాకముందే ఇంట్లో తిండి అయిపోతుందేమోనని దిగులు పడ్డారా? కొన్నది చాలక, మళ్లీ కొనే డబ్బు లేక ఇబ్బంది పడ్డారా? ఏ ఒక్కదానికి అవునన్నా రోగి అర్హుడవుతాడు. ఆపైన కొన్ని నెలలపాటు, తరచు ఇంట్లో ఉన్న తలల లెక్కన, ఇంత విలువకని చీటీ వస్తుంది. దానితో ఉప్పు, పంచదార, నూనె కలపని తాజా పండ్లు, కూరగాయలు కొనుక్కోవచ్చు. బియ్యం, నూనె, డబ్బా సరుకు దానికి రావు.

దీనిని చూస్తే మన పెద్దబజారు దర్శనీ హుండీ గుర్తుకు రాక మానదు. చూపించగానే చెల్లించాలి. కామర్సు చదువుకున్నవాడు మరో మెట్టు ముందుకు వెళ్లి, 1881 నాటి చట్టం ప్రకారం ఇది ఏ కోవలోకి వస్తుందని కూడా ఆలోచిస్తాడు. ఏ కోవలోకీ రాదు. హుండీకి చేతులు మారే గుణం ఉన్నది, ఈ చీటీకి లేదు. పేరున్న మనిషే తేవాలి, చెప్పిన సరుకే కొనాలి, ఒప్పందం ఉన్న అంగడిలోనే కొనాలి, గడువులోపల కొనాలి. అన్నిటికన్నా ముఖ్యం, హుండీకి వెనుక ఒక షావుకారు పరపతి ఉంటుంది. ఈ చీటీకి వెనుక ఉండేది ఒక గ్రాంటు. గ్రాంటు గడువు తీరితే ఆ షావుకారు లేడు.

అంగడివాడి వైపు

కాయగూర వర్తకుడు పొద్దున కొన్న సరుకును సాయంత్రానికి సొమ్ము చేసుకోవాలి. పప్పులాగా, మిరపలాగా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురు చూసే వీలు లేదు. కాగితపు చీటీల పద్ధతిలో రైతు సంతలో చీటీలు పోగుచేసి నిర్వాహకుడికి అప్పగిస్తాడు, నిర్వాహకుడు లెక్క చూసి తరువాత చెక్కు ఇస్తాడు. సరుకు ఆ రోజే పోయింది, డబ్బు మాత్రం అరువు కింద ఉండిపోయింది. పెద్ద ఆసామికి ఇది లెక్కలోకి రాదు. రెండెకరాల్లో ఆకుకూర వేసుకున్నవాడికి వారం వారం కూలి చెల్లించాలి గనుక వస్తుంది.

ఈ చిక్కు తప్పించడానికి చాలాచోట్ల ప్లాస్టిక్ కార్డులు పెట్టారు. యంత్రంలో గీస్తే సొమ్ము జమ అవుతుంది. రోగికి సౌకర్యం, చీటీ పట్టుకుని నిలబడే నామోషీ కూడా లేదు. అయితే కార్డు యంత్రం ఎక్కడ ఉన్నదో వ్యాపారం అక్కడికే పోతుంది. అది తరచు ఏడాది పొడుగునా తెరిచి ఉండే పెద్ద సూపర్ మార్కెట్టు. వాటికి సరుకు కాలిఫోర్నియా నుంచి, మెక్సికో నుంచి వస్తుంది. పక్క ఊరి రైతుకు గిరాకీ పెంచాలని మొదలైన కార్యక్రమం సౌకర్యం పేరుతో అతడిని పక్కకు నెట్టే అవకాశం ఉన్నది. రోగి కోణం నుంచి చూస్తే తప్పనలేము. రైతుల సంత వారానికి ఒకరోజు, కొన్ని నెలలే. జబ్బుకు అలాంటి సెలవులు లేవు.

అంగడే లేనిచోట ఏం చేయాలన్నది మరో సమస్య. నవాజో తెగ రిజర్వేషను సుమారు 27 వేల చదరపు మైళ్లు. అంత విస్తీర్ణంలో పూర్తిస్థాయి కిరాణా దుకాణాలు పదమూడో ఏవో ఉన్నాయంటే ఆశ్చర్యం వేస్తుంది. మిగిలినవి పెట్రోలు బంకుల పక్కన ఉండే చిన్న కొట్లు, పాతకాలపు ట్రేడింగ్ పోస్టులు. అక్కడ చిప్సు, సోడా దొరుకుతాయి, క్యారెట్టు దొరకదు. తెచ్చి పెడితే కొనేవాడు లేక కుళ్లిపోతుందని కొట్టువాడి భయం. కొట్లో లేదు గనుక జనం అడగరు. ఈ పీటముడి విప్పడానికి అక్కడ 2015 నుంచి కూరగాయల చీటీలను వాడుతున్నారు. తలకు రోజుకు ఒక డాలరు, కుటుంబానికి గరిష్ఠంగా రోజుకు 5 డాలర్లు. ఇన్ని కుటుంబాల చీటీలు ఈ కొట్టుకే వస్తాయని ముందే తెలిస్తే కొట్టువాడు ధైర్యంగా ఆర్డరు పెడతాడు. మన భాషలో చెప్పాలంటే ఇది ఖరారైన గిరాకీ.

నవాజోలు పన్నుల వైపు నుంచి కూడా నరుక్కు వచ్చారు. తాజా పండ్లు, కూరగాయల మీద ఉన్న 5 శాతం అమ్మకం పన్నును ఎత్తివేశారు. పోషకం లేని చిరుతిళ్లు, తీపి పానీయాల మీద అదనంగా 2 శాతం పన్ను వేశారు. ఇది 2014లో చేసిన చట్టం, 2015 ఏప్రిల్ నుంచి అమలైంది. అమ్మకం పన్ను గురించి మన చాంబర్లు ఎన్నో విజ్ఞాపనలు ఇచ్చి ఉంటాయి. ఒకే అంగడిలో ఒక అరకు పన్ను తీసి పక్క అరకు వేసిన ఉదాహరణ మాత్రం అరుదు.

మందుల పద్దు

చీటీ ఆలోచనకు మూలం 2010 కన్నా చాలా వెనుక ఉన్నది. 1960లలో మిసిసిపీ డెల్టాలో పత్తి ఏరే యంత్రాలు దిగాయి. తరతరాలుగా ఆ చేలలో పాలుకు, కూలికి బతికిన నల్లవారి కుటుంబాలకు పని పోయింది. అంతకు ముందు ప్రభుత్వం గోదాముల నుంచి తిండి సరుకులు ఉచితంగా పంచేది. కౌంటీలు ఒక్కొక్కటిగా ఆ పద్ధతి మాని ఆహార స్టాంపులకు మారాయి. ఆ రోజుల్లో స్టాంపులు ఊరికే రావు. కొంత నగదు కట్టాలి, కట్టినదానికన్నా ఎక్కువ విలువకు స్టాంపులు వస్తాయి. చేతిలో డాలరు లేనివాడికి ఆ రాయితీ దక్కేది కాదు. నగదు కట్టాలన్న షరతును 1977 చట్టంతో గాని తొలగించలేదు.

ఆ ప్రాంతంలోని మౌండ్ బాయూ అనే పట్టణంలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం తరఫున 1967లో డాక్టర్ జాక్ గైగర్, ఆయన సహచరులు ఆరోగ్య కేంద్రం తెరిచారు. వచ్చిన పిల్లల్లో చాలామందికి జబ్బుకు మూలం తిండి లేకపోవడమే. డాక్టర్లు చీటీ మీద మందులకు బదులు ఆహారం రాసి ఇచ్చారు. ఊళ్లోని కిరాణా కొట్లవారు చీటీ తీసుకుని సరుకు ఇచ్చారు. బిల్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. కేంద్రం దానిని మందుల పద్దులో రాసి చెల్లించింది.

ఇక్కడే గొడవ వచ్చింది. మందుల పద్దు మందులకే గదా అంటూ పైనుంచి ఆక్షేపణ వచ్చింది, విచారణకు అధికారి దిగారు. తాను చదివిన వైద్య గ్రంథాల్లో తిండిలేమికి చికిత్స తిండేనని ఉన్నదని గైగర్ చెప్పిన జవాబు ప్రసిద్ధి పొందింది. అధికారికి మారు మాట లేకపోయింది. ఆ కేంద్రం అక్కడితో ఆగలేదు. సారవంతమైన నేల చుట్టూ ఉండి, పనిచేసే చేతులు ఖాళీగా ఉండి, సరుకు బయటి నుంచి ఎందుకు కొనాలని 1968లో అక్కడి కుటుంబాలతో ఉత్తర బొలీవర్ కౌంటీ రైతు సహకార సంఘం పెట్టించింది. పత్తి పండిన నేలలో ఆకుకూరలు, బీన్సు, చిలగడదుంపలు పండాయి.

జమాఖర్చులు రాసేవారికి అసలు సంగతి ఇక్కడ ఉన్నది. నాటి నుంచి నేటి దాకా తగవంతా ఆ పద్దు దగ్గరే. కూరగాయ తిండి పద్దులో ఉంటే అది సహాయం, బడ్జెట్టు బిగిసినప్పుడు మొదట కోత పడేది దానికే. వైద్యం పద్దులో ఉంటే అది చికిత్స, బీమా చెల్లించవచ్చు. రెండు పద్దుల పరిమాణానికి పోలిక లేదు. 2018 చట్టం షూమాకర్ పేరిట 5 ఏళ్లకు కేటాయించినది 25 కోట్ల డాలర్లు. అందులో డాక్టరు చీటీల వాటా 10 శాతం మించరాదు. అంటే ఏడాదికి గట్టిగా 50 లక్షల డాలర్లు. ఆహార స్టాంపుల వారసత్వంగా వచ్చిన పథకం మీద 2024లో అయిన ఖర్చు సుమారు 10 వేల కోట్ల డాలర్లు, లబ్ధిదారులు నెలకు 4 కోట్ల పైచిలుకు. ఆ సముద్రంలో చీటీల పథకం కాకిరెట్టంత. వైద్య బీమా తలుపు తెరిస్తే తప్ప దీనికి పెద్ద బజారు లేదు.

లెక్క తేలిందా?

బీమా తలుపు తెరవాలంటే గుణం కనిపించాలి. 2023లో రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. రెండూ చదివితేనే పూర్తి బొమ్మ కనిపిస్తుంది.

మొదటిది 12 రాష్ట్రాల్లోని 9 చీటీ పథకాలను, 3,881 మందిని పరిశీలించింది. చీటీ విలువ మధ్యస్థంగా నెలకు 63 డాలర్లు, అంటే మన లెక్కలో 5 వేల రూపాయలు దాటుతుంది. పెద్దలు తినే పండ్లు, కూరగాయలు రోజుకు సుమారు ముప్పాతిక కప్పుకు పైగా పెరిగాయి. అధిక రక్తపోటు ఉన్నవారికి పై అంకె 8 పాయింట్ల మేర తగ్గింది. తిండికి ఇబ్బంది పడే ఇళ్లు మూడో వంతు తగ్గాయి. బజారు బాగున్నట్టే. కాని ఈ అధ్యయనంలో చీటీ అందని వారితో పోలిక లేదు.

రెండవది పోలికతో చేసినది. మధుమేహం అదుపులో లేక, తిండికి ఇబ్బందిగా ఉన్న 465 మందిని తీసుకుని, చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు వారానికి 10 భోజనాలకు సరిపడా సరుకులు, ఆహార నిపుణుల సలహాలు ఇచ్చారు. రెండవ జట్టు మామూలు వైద్యంతో ఉన్నది. ఆరు నెలల తరువాత మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్షలో మొదటి జట్టుకు 1.5 పాయింట్లు తగ్గింది. ఏమీ ఇవ్వని జట్టుకు కూడా 1.3 తగ్గింది. తేడా లెక్కకు నిలవలేదు.

దీనిలోని కిటుకు మన వ్యాపారులకు వివరించనక్కర లేదు. ధర శిఖరాన ఉన్నరోజున సరుకు వదిలినవాడు, మర్నాడు ధర దిగితే అది తన అమ్మకం మహిమేనని చెప్పుకోలేడు. అంత ఎత్తున ఉన్నది ఎలాగూ కొంత దిగుతుంది. చక్కెర హెచ్చుగా ఉన్నప్పుడే రోగిని పథకంలో చేర్చుకుంటారు గనుక, తరువాత దిగినదంతా కూరగాయ ఖాతాలో జమ వేయడానికి లేదు. అలాగని పథకం దండగ అనడం కూడా తొందరపాటే. రెండవ అధ్యయనం ఒకే పథకానిది, ఆరు నెలలది. ఇంట్లో తిండి నిలకడగా ఉండటం వల్ల కలిగే మేలు రక్తపరీక్షలో ఒక్క అంకెగా తేలేది కాదు. బీమావారు మాత్రం అంకెనే అడుగుతారు.

చీటీ విలువ, కాయ ధర

ఈ పథకాల గురించి రాసినవారు అంతగా పట్టించుకోని విషయం ఒకటున్నది. చీటీ మీద రాసేది డాలర్లు. రోగి కడుపులో పడవలసినది కిలోలు. రెంటికీ నడుమ ధర ఉన్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. నలుగురున్న ఇంటికి నెలకు కూరగాయలు 48 కిలోలు, పండ్లు 12 కిలోలు. ఇప్పుడు మన ధారణలు తలచుకోండి. 2023 జూలై ఆఖరులో మదనపల్లె యార్డులో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. రెండు నెలలు తిరక్కుండానే కోత కూలి కూడా గిట్టని ధరకు దిగి, రైతులు సరుకు పారబోసుకున్నారు. ఒకే విలువ గల చీటీ జూలైలో ఎంత సరుకు తెస్తుంది, సెప్టెంబరులో ఎంత తెస్తుంది? ధర హెచ్చినప్పుడు, అంటే పేదవాడికి అవసరం పెరిగినప్పుడే చీటీ చేతులెత్తేస్తుంది. అమెరికాలో కూడా 2021, 2022 సంవత్సరాల్లో తిండి ధరలు పెరిగినప్పుడు విలువ కట్టిన చీటీలకు ఇదే ఎదురైంది.

మన దేశంలో డాక్టర్లు ఆకుకూర తినమని నోటితో చెబుతారు, సొమ్ము రాయరు. దీనికి దగ్గరగా ఉన్నది క్షయ రోగులకు పోషణ నిమిత్తం బ్యాంకు ఖాతాలో వేసే సొమ్ము. 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. అది నగదు, ఏం కొనాలన్నది రోగి ఇష్టం. అయినా ధర పెరిగితే నష్టం అతడిదే.

ఈ నష్టాన్ని రోగి మీద వేయకూడదనుకుంటే ఒకటే దారి. విలువ బదులు పరిమాణం రాయాలి, అంటే ఇంతటి పెట్టె వారం వారం ఇంటికి చేరాలి. అప్పుడు ధర ప్రమాదం పెట్టె కట్టేవాడి మీదికి వస్తుంది. ఫార్వర్డు బేరాలు చేసినవారికి ఇందులో కొత్త లేదు. ముందు ధరకు ఒప్పుకుని తరువాత సరుకు పెట్టడమే. దీర్ఘకాలం నిలిచే కొనుగోలుదారు ఉంటే ఒప్పుకోవచ్చు, రైతుతో కూడా నాటకముందే ఖరారు చేసుకోవచ్చు.

నార్త్ కరోలినా రాష్ట్రంలో అలాంటి కొనుగోలుదారు దొరికాడనుకున్నారు. అక్కడ పేదల వైద్య బీమా 2022 మార్చి నుంచి 33 కౌంటీల్లో ఆహార పెట్టెలకు సొమ్ము చెల్లించడం మొదలుపెట్టింది. గైగర్ మందుల పద్దులో దొంగచాటుగా రాసినదానిని ఒక ప్రభుత్వం బాహాటంగా రాసినట్టయింది. తొలి విడత మదింపులో, పథకంలోని వారి మీద వైద్య ఖర్చు తలకు నెలకు సుమారు 85 డాలర్లు తగ్గినట్టు కూడా తేలింది. పెట్టెలు కట్టే సంస్థలు వాహనాలు కొన్నాయి, చలువ గదులు అమర్చుకున్నాయి, రైతులు ఆ లెక్కన నారు పోశారు.

2025 మార్చిలో వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం ఇటువంటి ఖర్చులను బీమాలో చేర్చడానికి అంతకు ముందు ఇచ్చిన మార్గదర్శకాలను ఉపసంహరించుకున్నది. నార్త్ కరోలినా శాసనసభ పథకానికి తరువాతి సంవత్సరపు సొమ్ము కేటాయించలేదు. 2025 జూలై 1న పెట్టెలు ఆగిపోయాయి. జూలై అక్కడ టమాటా, మొక్కజొన్న కండెలు, పుచ్చకాయలు ముమ్మరంగా కోతకు వచ్చే నెల.